నాయన లెవెల్ పుస్తకం పట్టుకుని అహోబిలం, యాగంటి, బెలుం, గండికోట

మా నాయన పాత లెవెల్ పుస్తకంలోని లెక్క ప్రకారం అహోబిలంలో రాత్రి పడకకు 5 రూపాయలు, టీ 60 పైసలు. కింద రెండు ముక్కలు: "నీళ్లు బాగు. నల్లులు లేవు. తలుపు గడియ వదులు, రాయి అడ్డం పెట్టినా." ఇప్పుడు ఫోన్లో నక్షత్రాలు చూసుకుని రూములు బుక్ చేసుకుంటున్నాం గానీ, ఈ రెండు ముక్కల్లో ఉన్నంత సమాచారం నాకు ఏ రివ్యూలోనూ దొరకలేదు.

నాయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. సుంకేశుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు పోయే కేసీ (కర్నూలు-కడప) కెనాల్‌లో తన సెక్షన్ గట్టు మీద మొదట సైకిల్, తర్వాత రాజ్‌దూత్ తోలి ఉద్యోగం ముగించాడు. సెలవు దొరికిందా, ఇంట్లో నిలిచే మనిషి కాదు. కొండ కనపడితే ఎక్కాలి, బిలం ఉందంటే దూరాలి, ఏరు ఉంటే అవతలి గట్టు చూసి రావాలి. నేల ఎత్తుపల్లాలు కొలిచి రాసుకునేందుకని ఇచ్చి, ఆఫీసులో మూల పడేసిన పాత లెవెల్ పుస్తకాలు ఇంటికి తెచ్చి, ఖాళీ పేజీల్లో పోయిన ఊర్లు, పెట్టిన ఖర్చులు, తాగిన నీళ్లు, పడుకున్న పడకలు రాసుకునేవాడు. పోయిన చలికాలానికి ముందు చలికాలం ఆయన పోయాడు. సంవత్సరీకానికి అందరం కర్నూలులో తమ్ముడి ఇంట్లో కలిసినప్పుడు ట్రంకు పెట్టె అడుగున ఆ పుస్తకాలు బయటపడ్డాయి.

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో పేజీ చదివింది. అహోబిలం పేజీలో ఒక చోట ఆగింది. అక్కడ, కొండ పైనుండే ఉగ్రస్తంభం అనే రాతి స్తంభం గురించి ఇట్లా ఉంది: "ఉగ్రస్తంభం ఎక్కి వచ్చినా. ఇంటామె కింద ఆగింది. వచ్చేసరికి కోపం." అమ్మ నవ్విందో, విసుక్కుందో తెలియలేదు గానీ, "ఇన్నిసార్లు పోయినాము, పైన ఏముందో నాకేం తెలుసు పాపా, సంచుల కాడ కూర్చోవడమే నా పని" అంది. ఈ ప్రయాణం ఆ మాట మీదే మొదలైంది. కారు తోలింది తమ్ముడు. వెంట అమ్మ, నేను, మా పిల్లోడు. వాడికి పదమూడేళ్లు, తాత దగ్గర కాలవలో ఈత నేర్చుకున్నవాడు.

కాబట్టి ఇక్కడ నేను ఒక్కో చోటును బేరీజు వేసే పద్ధతి కాస్త వేరుగా ఉంటుంది. పైకెక్కేవాళ్లకు ఏముందో అందరూ రాస్తారు. కింద ఆగేవాళ్లకు ఏముంది? నీడ ఉందా, కూర్చునేందుకు అరుగు ఉందా, బాత్రూము శుభ్రంగా ఉందా, మనిషి ఎంతసేపటికి దిగి వస్తాడో అడిగితే చెప్పే నాథుడు ఉన్నాడా? సాహసం చేసే మనిషితో కాపురం చేసిన ఆడవాళ్లకు ఇవే అసలు వసతులు.

ముందు అహోబిలం, నల్లమల కొండల్లో నరసింహస్వామి క్షేత్రం. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా వెళ్లాం. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన శిల్పులు రాళ్లు చెక్కుతూ కనిపిస్తారు, దేవుళ్ల పక్కనే రాజకీయ నాయకులు కూడా అదే అచ్చులో అరమోడ్పు కళ్లతో నిలబడి ఉంటారు. అక్కడి నుంచి దిగువ అహోబిలం దాకా రోడ్డు బాగుంది. మేం వెళ్లింది శనివారం కావడంతో టూరిజం వాళ్ల హరిత హోటల్లో గదులు నిండిపోయాయి. మఠం వాళ్ల వసతి కూడా దొరకలేదు. చివరికి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. రాత్రికి 1400. ఫోటోలో పెద్ద కిటికీ, కిటికీ బయట కొండ. గదిలో కిటికీ నిజంగానే పెద్దదే, తెరిస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగు గోడ.

అక్కడ అమ్మను చూసి మేమందరం నోళ్లు తెరిచాం. గదిలోకి అడుగు పెట్టగానే నాయన ఏం చేసేవాడో అన్నీ వరసగా చేసింది. పరుపు మూల ఎత్తి కుట్ల దగ్గర టార్చి వేసి చూసింది. కుళాయి విప్పి బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూసింది. గడియ వేసి, లోపలి నుంచి తలుపు ఒకసారి గట్టిగా గుంజింది. దిండు గలీబు ముక్కు దగ్గర పెట్టుకుని "మార్చమను" అంది. రూము బాయ్ నసిగాడు. "మార్చేదాకా నేను ఈ కుర్చీలోనే కూర్చుంటా నాయనా, నాకేం తొందర లేదు" అంది. పది నిమిషాల్లో కొత్త దుప్పట్లు వచ్చాయి. వేణ్ణీళ్లు మాత్రం తెల్లారి ఐదున్నరకే అయిపోయాయి, దానికి అమ్మ కూడా ఏం చేయలేకపోయింది. శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజుల్లో వెళ్లి హరితలోనో, మఠం గదుల్లోనో దిగడం మేలు.

దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుడి గుడి విజయనగరం కాలపు పనితనం, మండపాల్లో స్తంభాలు చూస్తూ ఎంతసేపైనా గడిచిపోతుంది. నిజానికి కింద ఆగేవాళ్లు ఇక్కడ ఆగాలి. చల్లగా, విశాలంగా, రాతి అరుగులతో హాయిగా ఉంటుంది. కానీ మా నాయన అమ్మను ఆపింది ఇక్కడ కాదు. ఎనిమిది కిలోమీటర్ల అవతల ఎగువ అహోబిలంలో, భవనాశిని ఏటి ఒడ్డున, కోతుల మధ్యన.

ఎగువన గుడి పక్క నుంచి జ్వాలా నరసింహుడి దారి మొదలవుతుంది. ఏటి వెంబడి రాళ్ల మీద నడిచి, మెట్లెక్కి, మళ్లీ రాళ్ల మీద నడవాలి. మొదట్లో వరాహ నరసింహుడు పలకరిస్తాడు, ఇంకా పైకి పోతే మాలోల నరసింహుడి దారి విడిపోతుంది. నడవలేని వాళ్లకు డోలీలు ఉన్నాయి. మనిషి బరువును బట్టి రేటు. అది కిందనే తేల్చుకోవాలి, రానూపోనూ కలిపి మాట్లాడుకోవాలి, పైన ఎంతసేపు ఆగుతారో కూడా చెప్పుకోవాలి. మాకు దొరికిన నలుగురూ నెమ్మదస్తులు. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ నాచు ఉందో వాళ్లకు కాళ్లతోనే తెలుసు.

డోలీ ఎక్కడానికి అమ్మ మొదట ఒప్పుకోలేదు. "నలుగురు మోసేది ఒక్కసారే" అని మొండికేసింది. ఆ మాటకు మాకు గొంతులో అడ్డం పడింది గానీ, డోలీ మోసే పెద్దాయన మాత్రం ఏమాత్రం తడుముకోకుండా "ఆ ఒక్కసారి దిగేది ఉండదమ్మా, దీంట్లో దిగేది ఉంటుంది, ఎక్కు" అన్నాడు. అమ్మ ఎక్కింది. కొంత దూరం డోలీలో, కొంత దూరం మా చేయి పట్టుకుని నడక. దారిలో తమ్ముడు నాయన పుస్తకం చదువుతూ వచ్చాడు. "ఏరు మోకాటి లోతు. రంగు తేట. దాటొచ్చు." ఇంకో ఏడాది రాసింది: "రంగు మారింది. పైన వాన. వెనక్కి."

నాయన సాహసం ఎట్లాంటిదో తెలియాలంటే ఈ రెండు వరసలు చాలు. బయటివాళ్లకు ఆయన తెగింపు మనిషి. దగ్గరగా చూసిన మాకు తెలుసు, ఆయన కొలవకుండా అడుగు వేసేవాడు కాదు. బతుకంతా కాలవలో నీటిమట్టం చూసిన కన్ను. ఏటి రాళ్ల మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో చూస్తే రాత్రి నీళ్లు ఎంత వచ్చాయో చెప్పేవాడు. ఒంటరిగా పోడు. మబ్బు నల్లబడితే శిఖరం పది బారల దూరంలో ఉన్నా తిరిగి వచ్చేస్తాడు. "కొండ యాడికీ పోదు, మళ్లా వద్దాం" అనేది ఆయన ఊతపదం. తిరిగి వచ్చిన రోజులను కూడా పుస్తకంలో ఖర్చులతో సహా రాసుకున్నాడు, ఎక్కిన రోజుల కంటే శ్రద్ధగా.

జ్వాలా నరసింహుడి గుడి కొండ దొలిచినట్టుండే చరియ కింద ఉంది. వానలు బాగా పడ్డ ఏడాది గుడి ముందు నుంచే నీటి ధార దూకుతుంది, మేం వెళ్లినప్పుడు సన్నగా చినుకులు చినుకులుగా మీద పడింది. హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో పడేసుకుని చీలుస్తున్న స్వామి. పక్కనే రక్తకుండం. స్వామి చేతులు కడుక్కున్న చోటంటారు. అమ్మ దణ్ణం పెట్టుకుని, బయటికి వచ్చి, వచ్చిన దారిని చాలాసేపు చూసింది. తర్వాత అంది, "రెండు గంటల్లో వస్తానని చెప్పిపోతాండె మీ నాయన. ఇది రెండు గంటల దారా?" ఉగ్రస్తంభం ఇక్కడి నుంచి ఇంకా పైన, అది వేరే ఎక్కుడు. పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి గానీ దిగలేడు. పెళ్లయిన నలభై ఏళ్లకు పైబడి ఆయన చెప్పిన అబద్ధం ఆమెకు అక్కడ నిలబడ్డాకే దొరికింది. కోపం రాలేదు. "రోజంతా పడుతుందని చెప్తే పోనివ్వనని అట్లా చెప్పినాడు" అని తనే తీర్పు కూడా ఇచ్చేసింది.

తమ్ముడూ పిల్లోడూ ఉగ్రస్తంభానికి వెళ్లి వచ్చారు, గైడును పెట్టుకుని. గైడు లేకుండా వద్దు. నల్లమల పులులు తిరిగే అడవి, దారి చాలాచోట్ల రాళ్ల పోగు. చీకటి పడకముందే అందరూ కిందికి దిగిపోవాలి. పిల్లలు, ముసలివాళ్లు ఉంటే జ్వాలాతో ఆపేయడం న్యాయం. పావన నరసింహుడికి జీపులు పోతాయి గానీ ఆ కుదుపులకు నడుము నొప్పి ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, మేం మానుకున్నాం. చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడిగా చూసుకునే తావు అది. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి వాళ్లకు బావ వరస. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగి తన పెళ్లికి తానే పిలుచుకుంటాడు. ఆ తిరునాళ్ల రోజుల్లో ఉత్సవమూర్తి పల్లకి మా ఊరి పొలిమేర దాకా వచ్చేదని నాయన చెబితే విన్నాను.

ఎగువ అహోబిలంలో కింద ఆగేవాళ్లకు వసతి ఏమీ గొప్పగా లేదు. కొన్ని కొట్లు, కొబ్బరికాయలు, చేతికర్రలు అద్దెకిచ్చేవాళ్లు. కర్ర మాత్రం తీసుకోండి, ఎక్కడానికి కాదు, కోతులకు. బాత్రూముల గురించి నేను రాయను, అమ్మ మాటల్లో "ఆ కాలంలో అడవే నయం". ఇన్నేళ్లలో ఇదొక్కటి మారలేదు.

యాగంటి గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే అక్కడ అంతా హాయిగా గడిచిపోయింది, హాయికి చెప్పుకునేది ఏముంటుంది. బనగానపల్లె నుంచి ఎర్రమల కొండల్లోకి చిన్న దారి. కొండ చీలికలో గుడి, పైన అగస్త్యుడి గుహ, వెంకటేశ్వరుడి గుహ, వీరబ్రహ్మంగారి గుహ. పుష్కరిణిలోకి నంది నోటి నుంచి ఏడాది పొడుగునా నీళ్లు పడుతుంటాయి. నీళ్ల మనిషి కాబట్టి నాయన పుస్తకంలో ఈ ధార గురించే అరపేజీ ఉంది. ఎండాకాలంలో ఎంత, వానాకాలంలో ఎంత అని చెంబుతో పట్టి, వాచీ చూసి లెక్క కట్టాడు. గుడిలో నంది పెరుగుతోందని జనం నమ్మకం. దాని మీద ఒక్క ముక్క కూడా రాయలేదు. యాగంటిలో కాకులు ఉండవంటారు, అగస్త్యుడి శాపమని కథ. మా పిల్లోడు తలెత్తుకుని గంటసేపు వెతికాడు, కనపడలేదు. కోతులు మాత్రం ఆ లోటు తీర్చేశాయి, మా పులిహోర పొట్లంతో సహా.

అగస్త్య గుహ మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కకపోయినా నష్టం లేదు. కిందనే మండపాలు, చెట్ల నీడ, నీళ్ల చప్పుడు. ఆగేవాళ్ల కోణంలో చూస్తే ఈ నాలుగు చోట్లలోనూ యాగంటికే మొదటి స్థానం. బస కావాలంటే కొండ దగ్గర సత్రాలు ఉన్నాయి, లేదంటే బనగానపల్లెలో లాడ్జీలు. మేం బనగానపల్లెలో ఒక మామూలు లాడ్జిలో 900కి దిగాం, అమ్మ తనిఖీలో మొదటి దెబ్బకే పాసైన గది అదొక్కటే. పొద్దున్నే బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానిన తీరు, మీద చల్లిన పుట్నాల పొడి, బజ్జీ వేడి, అన్నీ కుదిరాయి. మామిడికాయల కాలం కాకపోవడం ఒక్కటే వెలితి. బేనీషా పుట్టింటికి వచ్చి బేనీషా తినకుండా పోవడమేంటని తమ్ముడి గొడవ.

అవుకు రిజర్వాయరు మీదుగా కొలిమిగుండ్ల వైపు పోతుంటే రోడ్డు పక్కన నాపరాయి పలకలు దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. భూమంతా సున్నపురాయి. అందుకే బెలుం గుహలు పుట్టాయి. నీళ్లు లక్షల ఏళ్లు సున్నపురాయిని కరిగించి లోపల దారులు చేసుకున్నాయి. మొత్తం పొడవు 3229 మీటర్లు, అందులో జనానికి తెరిచింది సుమారు కిలోమీటరున్నర. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచి పటం గీసింది. జర్మనీ నుంచి వచ్చి మన బిలం కొలుస్తున్నారని వినగానే మా నాయన నిలవలేకపోయాడు. పెట్రోమాక్స్ లైటు, కొబ్బరి తాడు, ఇద్దరు స్నేహితులు. ఇంటికి వచ్చేసరికి మనిషి నెత్తి నుంచి కాళ్ల దాకా మట్టే. బనియన్ ఉతికితే మూడు బకెట్ల నీళ్లు ఎర్రగా పోయాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అప్పట్లో ఊరి చెత్తంతా ఆ బిలాల్లోనే పడేసేవాళ్లు కాబట్టి ఆ కంపు కూడా ఇంటికి వచ్చింది.

నాకు ఏడో ఎనిమిదో ఏళ్లప్పుడు నన్నూ తీసుకెళ్లాడు. మెట్లు లేవు, లైట్లు లేవు. నడుముకు తాడు కట్టి దించాడు, ముడి తను వేశాక స్నేహితుణ్ణి లాగి చూడమన్నాడు, తర్వాత మళ్లీ తను లాగి చూశాడు. కొంచెం లోపలికి పోయాక ఒక వెడల్పాటి చోట కూర్చోబెట్టి, "భయపడవు కదా పాపా" అని అడిగి లైటు ఆర్పేశాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. నా చెయ్యి నాకు కనపడలేదు. ఆయన ఊపిరి, ఎక్కడో నీటి బొట్టు పడే చప్పుడు. నేను ఏడవలేదు. ఆయన చెయ్యి నా తల మీద ఉంది, బీడీ వాసనా కిరసనాయిలు వాసనా కలిసిన చెయ్యి. చీకటి అంటే ఇప్పటికీ నాకు భయం లేకపోవడానికి ఆ రెండు నిమిషాలే కారణమనుకుంటాను.

2002లో టూరిజం వాళ్లు తెరిచాక బెలుం వేరే అయిపోయింది, చాలావరకు మంచికే. మెట్లు, దారి, గాలి కోసం పైపులు, గైడ్లు. కోటిలింగాలు, వేయిపడగలు, సప్తస్వరాల గుహ అని బోర్డులు. సప్తస్వరాల గుహలో రాతి కడ్డీలను తట్టితే స్వరాలు పలుకుతాయి. అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర నీటి పాయ లోపలి నుంచి వచ్చి లోపలికే మాయమవుతుంది. ఇనుప మెట్లు దిగి అది చూడాలి. లైట్ల సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. లక్షల ఏళ్ల రాతికి పెళ్లి పందిరి లైట్లు ఎందుకు? మామూలు తెల్ల లైటు వేస్తే రాతి పొరలు, రంగులు వాటంతట అవే కనపడతాయి. ఒక చోటైనా గైడు ఒక్క నిమిషం లైట్లార్పి చీకటి చూపిస్తే టికెట్టుకు రెండింతలు ఇవ్వొచ్చు. అడిగాను. "జనం భయపడతారు మేడమ్" అన్నాడు. అదీ నిజమే, శనాదివారాల జనంలో అది కుదిరే పని కాదు.

లోపల ఉక్క ఎక్కువ. బీపీ, ఉబ్బసం, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు సగంలో ఉన్న పెద్ద హాలు దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. అమ్మ అంతే చేసింది. నీళ్ల సీసా, చెమట తుడుచుకునే తువ్వాలు తప్పనిసరి. పొద్దున్నే తెరిచిన వెంటనే పోతే జనం తక్కువ, ఉక్క కూడా తక్కువనిపిస్తుంది. బయట ఆగేవాళ్లకు క్యాంటీను, చెట్లు, కుర్చీలు, పెద్ద బుద్ధ విగ్రహం ఉన్నాయి. బాత్రూములు ఫరవాలేదు. పక్కనే టూరిజం హోటల్లో భోజనం తిన్నాం. సాంబారు పలచన, పప్పు బాగుంది, వడ్డించిన కుర్రాడు అమ్మకు అడక్కుండానే మజ్జిగ రెండోసారి పోశాడు. ఇట్లాంటివి రేటింగుల్లో రావు.

గండికోట దగ్గర నాకు నాయన మీద కాస్త కోపం వచ్చింది, ఆయన పోయాక మొదటిసారి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. కోట గుమ్మం దాటి ఊళ్లోంచి నడిస్తే ఒక వైపు మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, ఇటు మాధవరాయ స్వామి గుడి, అటు రంగనాథ స్వామి గుడి. పెమ్మసాని వాళ్లు ఏలిన కోట. ఇవన్నీ దాటుకుని పోతే రాళ్ల అంచు, కింద పెన్నా. రైలింగు లేదు. జనం ఫోన్లు పట్టుకుని అంచు మీద వేలాడుతుంటే చూసేవాళ్లకు గుండె ఆగిపోతుంది. ఇదే అంచుకు ఆయన డెబ్బై దాటాక మా పిల్లోణ్ణి తీసుకొచ్చాడని వాడు నాకు ఇక్కడే చెప్పాడు. నాకు తెలియదు. అవ్వకూ తెలియదు. ఇంట్లో జమ్మలమడుగులో చుట్టాలింటికి అని చెప్పి ఇద్దరూ రైలెక్కి వచ్చారు. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు 2016లో మొదలయ్యాక ఆయనకు పండగైపోయింది, బనగానపల్లె, జమ్మలమడుగు అన్నీ రైల్లోనే.

"అంచు కాడికి పోయినావా?" అని అరిచాను. పిల్లోడు "నిలబడలేదమ్మా, తాత నిలబడనీలేదు" అన్నాడు. ఎట్లా చూశారో చూపించాడు. అంచుకు రెండు బారల ముందే బోర్లా పడుకోవాలి. మోచేతుల మీద పాకాలి. గడ్డం రాతి అంచుకు ఆనేదాకా పోవాలి, అంతే. వెనక నుంచి ఒకరు కాళ్లు పట్టుకోవాలి. చూసేవాడు ఒకడే, మాట్లాడకూడదు. తాత ముందు చూసి, తర్వాత వీణ్ణి చూడనిచ్చి, అంతసేపూ వీడి కాళ్లు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడట. "ఎంత గట్టిగా అంటే తెల్లారి చూస్తే మచ్చలు పడినాయి" అన్నాడు గర్వంగా. నా కోపం సగమే తగ్గింది. మిగిలిన సగం ఆయనకే బాకీ.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ పద్ధతి తప్ప వేరే పద్ధతిలో అంచు దగ్గరికి పోనివ్వకండి. వానాకాలంలో రాళ్లు జారతాయి, అప్పుడు ఇది కూడా వద్దు. పొద్దుపొడుపు వేళ జనం ఎక్కువ. మాకు అది కాకుండా పదింటి ఎండలో, జనం పోయాక, గోడల ఎరుపు తేటగా కనపడ్డ పొద్దే నచ్చింది. గుడారాల్లో బస ఇప్పుడు పెద్ద వ్యాపారం. మేం చూసినవాటిలో రాత్రి పాటల పెట్టె హోరు, పక్క గుడారం వాళ్ల మాటలన్నీ మన గుడారంలోనే. కుర్రవాళ్లకు సరదా, ముసలివాళ్లకు శిక్ష. హరితలో గదులు కాస్త పాతబడినా వెడల్పుగా ఉన్నాయి, నీళ్లు ధారాళం, అమ్మ తనిఖీలో గడియ ఒక్కటే తప్పింది. రాత్రికి చెబితే జొన్న రొట్టె, శెనక్కాయల పొడి, వంకాయ కూర చేసి పెట్టారు. రొట్టె మెత్తగా, పల్చగా, వేడిగా. ఆ రోజు అక్కడ దొరికిన సేవల్లో నూటికి నూరు వేయగలిగింది ఆ రొట్టె చేసినామెకే.

ఆగేవాళ్లకు గండికోటలో ధాన్యాగారం పక్క గట్టు మంచి చోటు. అమ్మ అక్కడే కూర్చుంది, తన ఇష్టంతో. మేం అంచు దగ్గరికి పోయి వచ్చేలోపు ఊరి ఆడవాళ్లు ఇద్దరితో స్నేహం చేసుకుని, వాళ్ల కోడళ్ల సంగతులు కూడా కనుక్కుంది. కింద ఆగడమంటే ఒట్టి ఎదురుచూపు అనుకుంటాం. ఆయన కొండలు రాసుకున్న పుస్తకాలున్నాయి, ఆమె కలిసిన మనుషుల పుస్తకం ఎవరూ రాయలేదు. అహోబిలంలో కొబ్బరికాయల కొట్టామె పెళ్లి ఎవరితో అయ్యిందో, శ్రీశైలంలో సత్రం మేనేజరు కొడుకు ఎక్కడ ఉద్యోగం చేశాడో ఆమెకు తెలుసు.

ఖర్చుల సంగతి. పెట్రోలు పోను మనిషికి అయింది ఎక్కువ కాదు, డోలీదే పెద్ద పద్దు, అది మాత్రం బేరమాడకుండా ఇవ్వదగ్గ డబ్బు. మే, జూన్ వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అహోబిలంలో ఏటి ధార కావాలంటే వానలు తగ్గిన వెంటనే. పెద్దవాళ్లతో నాలుగూ ఒకే చుట్టులో చుట్టబెట్టాలని చూడకండి, అహోబిలం తర్వాత ఒక పూట ఊరికే పడుకోవడానికి ఉంచుకోండి.

తిరుగు దారిలో నాయన పుస్తకంలో మిగిలిన పేజీలు చదువుతూ, శ్రీశైలం దగ్గర అక్కమహాదేవి గుహలు, మల్లెల తీర్థం, ఉమామహేశ్వరం అని తమ్ముడు ఒక్కొక్కటీ చెబుతున్నాడు, తర్వాత ఇవి పోదామని. అమ్మ కాసేపు విని, "ఆయన చూసినవి చాలు, ఆయన చూడనిది ఏదన్నా ఉంటే చెప్పు" అంది. పుస్తకాలన్నీ తిరగేస్తే అరకు కనపడలేదు. విశాఖ వైపు ఆయన ఎప్పుడూ పోలేదు. బొర్రా గుహలు, సొరంగాల్లోంచి పోయే రైలు, అద్దాల బోగీ అని పిల్లోడు మొదలెట్టాడు. ఆ బోగీకి టికెట్లు తొందరగా అయిపోతాయంటే తమ్ముడు డోన్ దగ్గర టీ కోసం ఆపి ఫోన్లో చూడ్డం మొదలుపెట్టాడు. కార్తీకమాసంలో వద్దు, గుళ్లకు పోయేది ఉంది, ఆ తర్వాత చూడమని అమ్మ తేదీ కూడా చెప్పింది.